పాలపిట్టకు పర్మిషన్

కాస్త ఇటు జరగండి. ఇంకా దగ్గరికి రండి. ఆ ఫోన్లు బోర్లించి పక్కన పెట్టండి, ఎందుకంటే ఫోన్లో పెట్టిన ఒక్క మాట ఎంత పని చేసిందో చెప్పబోతున్నాను.

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది అది. బస్సులు లేవు, బడులు లేవు. దసరాకు సొంత ఊళ్ళు పోదామనుకున్న వాళ్ళంతా మూటలు విప్పేసి హైదరాబాదులోనే ఉండిపోయారు. శివశంకర్ కూడా అలా మిగిలిపోయినవాడే. ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం మాదాపూర్‌లో కంప్యూటర్ల కంపెనీలో, కాపురం ఖాజాగూడలో ఎల్లేశం ఇంటి పైగదిలో. కాపురమంటే ఒంటరి కాపురమే. అతనికి పెళ్ళాం లేదు గాని మోచేయంత పొడుగు లెన్సు ఉండేది. వానాకాలంలో ఆ లెన్సుకు కోటు తొడిగి తాను తడిసి వచ్చేవాడు. సెలవొస్తే చాలు, చెరువు గట్టున కూర్చుని పిట్టలను ఫొటోలు తీసి, రాత్రికల్లా ఫేస్‌బుక్‌లో పెట్టి, ఎన్ని లైకులు వచ్చాయో లెక్కపెట్టుకునేవాడు.

ఎల్లేశం భార్య సీతాబాయి కింది గదిలో మంచం మీద ఉండేది. ఊపిరితిత్తులు చెడిపోయాయి. దవాఖాన వాళ్ళు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. పక్కకు తిరిగితే దగ్గు, మాట్లాడితే దగ్గు. ఆ దగ్గుల మధ్యనే శివశంకర్‌కు రోజూ జొన్నరొట్టె పంపేది. దసరా నాడు పాలపిట్టను చూడకుండా ఆమె ఏనాడూ ముద్ద ముట్టలేదు. పెళ్ళైనప్పటి నుంచీ తమ పొలంలోనే చూసేవారు. పిట్ట వాలగానే ఎల్లేశం నోరు తన చేత్తో గట్టిగా మూసేదట, అతనిది అంత పెద్ద గొంతు మరి. ఆ పొలం అమ్మేశారు. అందులో ఇప్పుడు అద్దాల మేడ లేచింది.

"ఈ ఒక్కపారి చూస్తె చాలు బిడ్డా. వచ్చే దసరా సంగతి నాకు ఫికర్ లేదు" అంది ఒకరోజు.

"నేను చూపిస్తా గదా అవ్వా!" అన్నాడు శివశంకర్.

అన్నట్టే వెతికాడు. చెరువు పక్కన బండల దగ్గర ఎండిపోయిన తుమ్మచెట్టు మీద సరిగ్గా ఏడు గంటలకు పాలపిట్ట వాలుతోంది. పది రోజులు వరసగా చూసి రూఢి చేసుకున్నాడు. దసరా పొద్దున ఆరున్నరకు ఆటో, ఏడుకు పిట్ట, ఏడున్నరకు ఇల్లు. ఏర్పాటు అంతా బాగానే ఉంది. ముందురోజు సాయంత్రం చెయ్యి ఊరుకోలేదు, అదీ వచ్చిన చిక్కు. రెక్కలు విప్పిన పాలపిట్ట బొమ్మ పెట్టి, కింద "ఖాజాగూడ చెరువు, బండల పక్క తుమ్మచెట్టు, రోజూ ఏడింటికి" అని రాశాడు.

అతని స్నేహితులు నలభై మందే. అందులో తేజస్విని అనే ఆఫీసు పిల్ల దాన్ని తన అపార్ట్‌మెంటు వాళ్ళకు పంపింది. వాళ్ళు పక్క అపార్ట్‌మెంటుకు పంపారు. ఊరికి పోలేక, పిట్ట ఎక్కడ దొరుకుతుందో తెలియక కూర్చున్న జనం వాళ్ళంతా.

దసరా పొద్దున ఆటో చెరువు మలుపు తిరిగి ఆగిపోయింది. దారి నిండా కార్లు. మడత కుర్చీలు, పట్టుచీరలు, మైసూర్‌పాక్ డబ్బాలు. ఒకాయన ఫోన్లో పాలపిట్ట అరుపు వినిపిస్తూ చెట్టు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

"ఏంది సారు గిది? జాతర పెట్టినవా?" అన్నాడు ఎల్లేశం.

శివశంకర్ ఆటోలోంచి దూకాడు. "మీరు ఈడనే ఉండండి పెద్దాయనా. నేను పోయి దారి చేయించి వస్తా" అని లెన్సు పట్టుకుని పరిగెత్తాడు.

ఇంతలో అటు పోతున్న సమ్మె జనం ఈ గుంపును చూశారు. "మనకు చెప్పకుంట ఇక్కడ రాస్తారోకో ఎవరు పెట్టిండ్రు?" అని నొచ్చుకున్నారు. నొచ్చుకున్నా, వచ్చిన జనాన్ని వదులుకోవడం ఎందుకని డప్పులు తీశారు. మొదటి దెబ్బకే తుమ్మచెట్టు మీది నుంచి నీలం రెక్కలు ఒక్కసారి మెరిసి మాయమయ్యాయి. డప్పులు విని పోలీసు జీపు వచ్చింది.

"ఎవరయ్యా ఇదంతా పెట్టింది? పర్మిషన్ ఉందా?" అన్నాడు ఎస్సై.

"దేనికి సార్?" అన్నాడు గుంపులో ఒకడు.

"దేనికంటే... ఇంతకీ దేనికొచ్చారు మీరంతా?"

"పిట్టకు సార్."

ఎస్సై సమ్మెలో అన్ని రకాల జవాబులూ విన్నాడు గాని ఇది వినలేదు. జనమంతా ఒక్కటై శివశంకర్ వైపు వేలు చూపించారు. ఆకుపచ్చ మచ్చల గుడ్డ చుట్టిన ఆ లెన్సు చూడగానే తుపాకీ అనుకుని ఎస్సై చెయ్యి వేసి గుంజాడు. శివశంకర్ ఇటు గుంజాడు. ఆ పెనుగులాటలో కెమెరా దానంతటదే టకటకా నొక్కుకుపోయింది. కార్డు చూపించి, ఉద్యోగం చెప్పి, కిందటి రోజు పిట్ట ఫొటో చూపించి బయటపడేసరికి తొమ్మిది దాటింది.

తల వంచుకుని ఆటో దగ్గరికి వచ్చాడు. ఎల్లేశం, ఆటోవాడు దిగి రోడ్డు మధ్య నిలబడి కార్లవాళ్ళతో తగవు పడుతున్నారు. సీతాబాయి ఆటోలో ఒక్కతే ఉంది.

"తప్పైపోయింది అవ్వా. నా వల్లనే ఎగిరిపోయింది. నిన్నటి ఫొటో అన్నా చూడు" అంటూ కెమెరా ముందుకు చాచాడు.

ఆమె ఆ చిన్న బొమ్మను వేలితో నిమిరింది. "మంచిగున్నది బిడ్డా. జర నాకు బుక్కెడు అన్నం పెట్టియ్యి" అంది.

పిట్టను చూడకుండానే అన్నం అడిగింది, నా మీద జాలితో నోము తప్పిందని శివశంకర్ ఇంటికి పోయి గది తలుపేసుకుని ఏడ్చాడు. కెమెరా బీరువా అడుగున పెట్టేశాడు. తొమ్మిదో రోజున సీతాబాయి పోయింది.

గోడకు పెట్టడానికి ఫొటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే రేషన్ కార్డు మీద మసక బొమ్మ ఒక్కటి దొరికింది. ఎల్లేశం మెట్లెక్కి వచ్చి, "సారు, నీ దగ్గర ఉంటది కదా?" అన్నాడు. శివశంకర్ నాలుగు వేల ఫొటోలు తెరిచాడు. కొంగలున్నాయి, లకుముకి పిట్టలున్నాయి, ఒకే కాకివి ముప్పై ఉన్నాయి. రెండేళ్ళు రొట్టె పెట్టిన మనిషిది ఒక్కటీ లేదు. చివరికి పెనుగులాటలో నొక్కుకుపోయిన బొమ్మలు మిగిలాయి. ఎస్సై చెవి, ఆకాశం, ఎవరిదో చీర అంచు. ఆ తరువాత ఒకటి.

దూరంగా ఆటో. అందులో సీతాబాయి ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది. దగ్గు పైకి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది, కళ్ళ వెంట నీళ్ళు. ఆటోకు బారెడు దూరంలో, ప్లాట్లకు హద్దుగా పాతిన రాతి కడీ మీద పాలపిట్ట. ఇటువైపు నూరుగురు జనం, అందరి ముఖాలూ ఖాళీ చెట్టు వైపే.

ఎల్లేశం ఆ కొంగు మీద వేలు పెట్టి చూపించాడు.

"చెప్తె మంది ఉరికొస్తరని ఊకున్నది సారు. నేను లేను గద పక్కన, తన నోరే మూసుకున్నది."

ఫ్రేము కట్టేవాడు బొమ్మ అటూ ఇటూ తిప్పి, "పిట్టను తీసేద్దామా? దండ వేస్తే అడ్డమొస్తది" అన్నాడు.

"అడ్డమొస్తె దండ తీసెయ్" అన్నాడు ఎల్లేశం.

శివశంకర్ ఆ ఫొటోను ఎక్కడా పెట్టలేదు. అతను తీసిన వాటిలో ఒక్క లైకు కూడా రానిది అదొక్కటే.

ఇదీ జరిగింది. గుర్తు పెట్టుకోండి, మీ వాళ్ళకు చెప్పండి, వాళ్ళను ఇంకొకరికి చెప్పమనండి. ఆ పిట్ట ఇప్పుడు ఎక్కడ వాలుతోందని అడిగితే మాత్రం ఈ కథ చెప్పిన ముసలిది ఆ సంగతి మరిచిపోయిందనండి.