పులవని పిండి

ఉగాది ముందురోజు పొద్దున రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో యుగంధర్ అనుకున్నది చాలా చిన్న సంగతి. తల్లి పైడమ్మ సాయంత్రం ఇడ్లీపిండి రుబ్బుతుంది. మర్నాడు తెలుగు సంఘం టిఫిన్లలో జనం తింటారు. ఎవరి కడుపూ పాడవదు.

ఆఖరిదే అతని బెంగ. కిందటేడు పైడమ్మ చేసిన కొబ్బరి చట్నీ ఎండకు చెడిపోయి సగం కాలనీ మంచం పట్టింది. ఎవరూ ఆమెను మాట అనలేదు. కానీ అప్పట్నుంచి ఆమె ఏం పంపినా "తర్వాత తింటాం పిన్నీ" అని పక్కన పెట్టేవారు. కొన్నాళ్లకు ఆమే పంపడం మానేసింది. ఈసారి సంఘం కార్యదర్శి గురునాథం వచ్చి బతిమాలితే చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

యుగంధర్ ఒక ఆహారశాస్త్ర కళాశాలలో గుమాస్తా. ఈమధ్యే అక్కడ ఒక ప్రొఫెసర్ ఉపన్యాసమిచ్చాడు. వాములో, లవంగంలో ఉండే పదార్థాలు తిండిని విషం చేసే సూక్ష్మజీవులను చంపేస్తాయన్నాడు. యుగంధర్ చెవులు రిక్కించి విన్నాడు. సగంలో సమోసాలు తేవడానికి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆఖర్న వంటల్లో వాడుకోమని పంచిన వాము నూనె సీసా ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు.

చట్నీ అంటే పొద్దున్నే తాజాగా చేస్తారు. పిండి మాత్రం రాత్రంతా ఉక్కలో ఉండాలి. అందుకే పైడమ్మ పెరట్లోకి వెళ్లగానే సీసా మొత్తం పిండి డ్రమ్ములో ఒంపి, గరిటెతో బాగా కలిపాడు. తల్లికి ఈసారి మాట రాదని నిశ్చింతగా పడుకున్నాడు.

తెల్లారి మూత తీసిన పైడమ్మ అలాగే నిలబడిపోయింది. రాయ్‌పూర్ వేడికి మూతను నెట్టుకుని పొంగాల్సిన పిండి, పోసింది పోసినట్టే ఉంది.

"ఏటైనాదిరా ఇది? నా పిండి పొంగకపోవడం నానెప్పుడూ చూడనేదు" అంది. అరచెయ్యి తిప్పి చూసుకుని, "నా చెయ్యే చెడిపోయినాది" అంది.

"పులిసిన పిండి కొంచెం కలిపితే అదే పొంగుతాదమ్మా" అని యుగంధర్ గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పండగపూట పాపం అని అందరూ తమ పిండి ఇచ్చేశారు. తెచ్చినదంతా డ్రమ్ములో పోసి ఎండలో పెట్టాడు. ఎంతసేపు చూసినా ఒక్క బుడగ రాలేదు. ఇప్పుడు ఆ ఇళ్లలోనూ టిఫిన్ లేదు.

అంతలో గురునాథం వచ్చాడు. ఇంట్లో వాము వాసన గుప్పుమంటోంది. పైడమ్మ గోడకానుకుని కళ్లు తుడుచుకుంటోంది.

"ఎవరికక్కా కడుపునొప్పి?" అని అడిగాడు. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. అతను మెల్లగా బయటికి నడిచి, సంఘం వాట్సాప్‌లో "ఇంకా వడ్డించకుండానే మొదలైంది, జాగ్రత్త" అని పెట్టాడు. కాసేపటికే పిండి ఇచ్చినవాళ్లంతా గుమ్మంలో ఉన్నారు. "మా పిండి వల్ల మాత్రం కాదు" అని ఎవరికి వారే అరుస్తున్నారు.

యుగంధర్ పెరట్లోకి పోయి ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాడు.

"పిండిని పులియబెట్టేవి కూడా సూక్ష్మజీవులే కదయ్యా! ఆ నూనెకి మంచివీ చెడ్డవీ తేడా తెలీదని రెండో సగమంతా అదేగా చెప్పాను?"

"అప్పుడు సమోసాలకెళ్లాను సార్. ఇప్పుడిది తినొచ్చా?"

"అంత పిండిలో ఒక్క చిన్న సీసాయేగా, భేషుగ్గా తినొచ్చు. పొంగదంతే."

లోపలికొచ్చేసరికి పైడమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఇంకెవరికీ వండను. నా చేతి తిండి ఎవరికీ అచ్చిరాదు."

"నీ చెయ్యి కాదమ్మా, నాది" అన్నాడు యుగంధర్. గుమ్మంలో అందరూ వింటుండగానే సీసా సంగతి మొత్తం చెప్పాడు.

పైడమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. "అయితే నా చెయ్యి బాగానే ఉన్నాది" అంది నెమ్మదిగా. ఆ తర్వాతే కింద పెట్టిన గరిటె మళ్లీ తీసింది. యుగంధర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అత్తయ్యా, ఆగండి" అంటూ కోడలు భావన అడ్డొచ్చింది. ఆమె పుట్టి పెరిగింది రాయ్‌పూర్ దగ్గరి తిల్దాలో. "మా ఊళ్లో పులవని పిండితోనే దోసెల్లాంటి చీలాలు పోస్తారు. పెనం పెట్టనా?"

సంఘం మైదానంలో మొదటి చీలా పళ్లెంలో పడింది. ఎవరూ ముందుకు రాలేదు. కార్యదర్శి కాబట్టి గురునాథమే దేవుణ్ణి తలచుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు.

"వాముంది. అరుగుతుంది" అని ప్రకటించాడు.

ఆ ఒక్క మాటతో క్యూ కట్టారు. ఏడాదిగా "తర్వాత తింటాం" అన్నవాళ్లు అక్కడే నిలబడి, వేడి మీదే తిని, పిల్లలకు పొట్లాలు కట్టించుకున్నారు. పైడమ్మ ఒక్కొక్కరి చేతినీ నోటినీ చూస్తూ పెనం మీద పోస్తూనే ఉంది. పొగ వల్లనో ఏమో, మధ్యమధ్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

డ్రమ్ము ఖాళీ అయ్యాక గురునాథం వచ్చాడు. "వచ్చే ఏడు కూడా మీరే అక్కా. ఇడ్లీలే చేద్దురుగాని."

"అలాగే తమ్ముడూ. పిండి మా ఇంట్లోనే పులుస్తాది" అంది పైడమ్మ. "ఆ రాత్రికి మావోడు మీ ఇంట్లో పడుకోవాల."