పైవరుసలో గ్యాప్

నాకు అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే: మా పూజితకు కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌లో సీటు రాదేమోనని. పూజిత ఒకటో తరగతి.

ఇది తొందరపాటు అనుకునేవారు ఈమధ్య చాంద్రాయణగుట్టకు రాలేదన్నమాట. ఫ్లైఓవర్ పక్కన, టైర్ల దుకాణం పైన, 'భవిష్యత్ సీటు అంచనా కేంద్రం' వెలిసింది. పిల్ల పెద్దయ్యాక ఎమ్మెస్ సీటు వచ్చే అవకాశం నూటికి ఎంతో ఇప్పుడే తేల్చి, ముద్ర కొట్టి ఇస్తారు. దాన్ని నడిపే నిఖిలేష్ గారు మూడుసార్లు అప్లై చేసి, ఏయే యూనివర్సిటీల్లో సీటు రాదో స్వయంగా తెలుసుకున్న అనుభవజ్ఞులు.

ఆ కేంద్రం వచ్చాక మా గల్లీలో పిల్లల్ని పేరు పెట్టి పిలవడం తగ్గింది. మా దగ్గర పాలు కొనుక్కునే ఆమె, "మా అరవై రెండుకు జరమొచ్చింది వదినా, ఇయ్యాల అర్ధ లీటరే పొయ్యి" అంటుంది. మాకూ తెలుస్తుంది ఎవరికి జ్వరమో.

మేమూ వెళ్లాం. కంప్యూటరే ఎందుకు చదవాలనుకుంటున్నావని నిఖిలేష్ గారు అడిగారు. "అండ్ల చేపలుంటయి" అంది పూజిత, ఆయన బల్లమీద చేపలు ఈదుతున్న కంప్యూటర్ తెరను చూపిస్తూ. ఆయన 'స్పష్టమైన పరిశోధనాసక్తి' అని రాసుకున్నారు.

తరువాత ఫారం. తొమ్మిదిలో బడి మానినా నేను ఇంగ్లిష్ కూడబలుక్కోగలను. 'గ్యాప్ ఉందా? ఎంతకాలం?' అని ఉంది. అబద్ధం రాయకూడదు కదా. 'ఉంది. పైవరుసలో, ముందు. నెల రోజులు' అని రాశాను. నలభై ఒకటి రావలసిన పూజిత పంతొమ్మిదికి పడిపోయింది.

"గ్యాప్ ఉంటే యూనివర్సిటీలు అనుమానపడ్తయి అక్కా" అన్నారు నిఖిలేష్ గారు. "ఎంత తక్కువ కనవడితే గంత మంచిది."

శాస్త్రీయమైన సలహా. పెదాలు మూసి నవ్వమని పూజితకు చెప్పాను. తెలివైన పిల్ల, చెయ్యి అడ్డం పెట్టుకోవడం తనే కనిపెట్టింది.

మా అత్తమ్మ సత్తెమ్మకు చదువు విలువ తెలియదు. "పాలపన్ను ఊడితె సీటు పోతదా ఏంది? నా నోట్ల ఒక్క పన్ను లేదు, నాదెంతనో అడుగుపో!" అని లొల్లి పెట్టింది. అడిగాను. మూడు వచ్చింది. అప్పటినుంచి అత్తమ్మ ఆ కేంద్రాన్ని పల్లెత్తు మాట అనడం లేదు.

చివరికి బడిలో సాయిప్రియ టీచర్ చెప్పింది: గ్యాప్ అంటే పన్ను కాదట, చదువు మధ్యలో ఆగిన ఏళ్లట. అంటే అది పూజితది కాదు, నాది. పదమూడేళ్లు. దిద్దమని పరుగున వెళ్లాను.

నిఖిలేష్ గారు ఫైలు చూసి గొంతు తగ్గించారు. "తల్లి గ్యాప్ అని రాస్తే అంకె ఏడుకు పడ్తది అక్కా. పన్నే ఉండనియ్యి."

ఎంత దయ!

రెండు నెలలకు కొత్త పన్ను వచ్చింది. మళ్లీ లెక్క కట్టిస్తే నలభై ఒకటి. గల్లీ అంతా మిఠాయి పంచాం. పూజిత మాత్రం చెయ్యి తీయలేదు.

"తియ్యి బిడ్డా, పన్నొచ్చింది గదా."

"ఇంకోటి కదుల్తున్నదమ్మా."

పొద్దున మీరు చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్తుంటే, స్కూలు ఆటోలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్ల కనబడుతుంది. ఎవరు పలకరించినా ముందు తన అంకె చెప్పేస్తుంది. అందరూ అడిగేది అదే కనుక. మీరూ అదే అడగబోతారు. అడగకండి. ఒక్కసారి నవ్వించి, చెయ్యి తీసిందో లేదో చూసి, నాకు చెప్పండి.