లింగం కళ్లు, చెరువు సంఘం ఓట్లు

ఆ రోజు పొద్దున లింగం అనుకున్నది చిన్న పనే. గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, పదింటికల్లా శామీర్‌పేట చేపల సంఘం అధ్యక్ష ఎన్నికకు వెళ్లాలి. పోటీ మహేందర్‌తో. అతను గెలిస్తే చెరువు కాంట్రాక్టరు పాలవడం ఖాయం, లింగం వలలు చూరుకు వేలాడటమూ ఖాయం. అయితే చిన్నప్పటి నుంచీ మోచేతుల్లో ఉన్న దురద ఈమధ్య కనురెప్పలకూ ఎక్కింది. కళ్లు నలిపి నలిపి విసుగొచ్చి, మోచేతికి రాసే ఆయింట్‌మెంటే రెప్పలకూ పట్టించాడు. అది కాస్తా కంట్లోకి దిగింది.

"అయ్యో, కండ్లు మిరపపండ్ల లెక్క అయినయి!" భార్య ఈదమ్మ బెంబేలెత్తి, కూతురి నల్లద్దాలు తెచ్చి పెట్టింది.

సంఘం షెడ్డులో అడుగు పెట్టగానే మహేందర్ అందుకున్నాడు. "పొద్దుగాల్నే కల్లు తాగొచ్చిండు. గందుకే అద్దాలు!"

లింగానికి ఒళ్లు మండింది. "తాగితే వాసన రాదా? చూస్కోండ్రి!" అని అద్దాలు తీసేశాడు.

"వామ్మో, కండ్లకలక!" ముందు వరుసలో దుర్గాబాయి కేక పెట్టింది. "చూస్తేనే అంటుకుంటది!"

షెడ్డంతా మొహాలు తిప్పుకుంది. "గిది కలక కాదు, దురద" అని లింగం మొత్తుకున్నా వినేవాడేడీ? ఎవరు ఎవరికి చెయ్యెత్తారో రాసుకుని, ఎత్తనివాళ్ల పని తర్వాత పట్టడానికి మహేందర్ తమ్ముడు కాగితం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"జల్దీ కానియ్యి!" అన్నాడు మహేందర్.

"అయితే కలక అంటకుండ అందరు కండ్లు మూస్కొని చేతులెత్తండ్రి" అన్నాడు ఎన్నికల ఆఫీసరు సిద్దయ్య, తన ఎండ అద్దాలు పెట్టుకుంటూ. అందరూ మూసుకున్నారు. రాసుకునే తమ్ముడూ మూసుకున్నాడు. మహేందర్ అందరికన్నా గట్టిగా మూసుకున్నాడు. లింగం తువ్వాల మొహాన కప్పుకున్నాడు.

"మహేందర్‌కు తొమ్మిది. మిగిలినయన్ని లింగానికి. లింగమే గెల్సిండు" అని సిద్దయ్య లెక్క చెప్పాడు.

సాయంత్రం మేడ్చల్‌లో కంటి డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. "కలక కాదు, ఎవ్వరికీ అంటదు. నీ చర్మం అలర్జీయే కండ్లకొచ్చింది. నలిపితే నల్లగుడ్డు వంకరపోయి చూపు చెడ్తది. ఒంటి మందు కంటికి రాస్తే లోపల ఒత్తిడి పెరుగుతది. గీ చుక్కలేస్కో, తడిగుడ్డ పెట్టుకో, నెలకోసారి వచ్చి చూపించు."

చూపు పోతే వల ఎక్కడ విసరాలి? లింగం నిజంగానే భయపడి అన్నిటికీ తలూపాడు.

"అంటుడు రోగం కాదని రాసిచ్చిందిగా, గా కాగితం సంఘంల చూపియ్యి" అంది ఈదమ్మ.

"చూపిస్తే మహేందర్ మళ్ల ఓట్లు పెట్టమంటడు, కండ్లు తెర్సి!"

లింగం ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పదవీకాలం అయ్యేదాకా దొరకని చోట దాచాడు.