మంత్రిగారి సమక్షంలో రోడ్డు దాటుట

ప్రత్యేక అవసరాలున్న హైస్కూలు పిల్లలందరినీ వంద రోజుల్లో తమ కాళ్ళ మీద తాము నిలబడేలా చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. పథకానికి పేరు పెట్టడానికి నలభై రోజులు, ఆ పేరు పక్కన మంత్రిగారి ఫోటో ఏ సైజులో ఉండాలో తేల్చడానికి యాభై ఏడు రోజులు పట్టాయి. మిగిలిన మూడు రోజులూ పూర్తిగా పిల్లలకే కేటాయించారు.

మంత్రిగారి ఎదుట స్వతంత్రంగా రోడ్డు దాటి చూపించే భాగ్యం రేడియోకి దక్కింది. రేడియో అంటే ఆఖరి సంవత్సరం చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. వరండాలో అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, వచ్చేది ఎవరో, ఏ మూడ్‌లో వస్తున్నారో క్లాసుకి ముందే చెప్పేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. టీచర్ రెండేళ్ళు వెంటపడి నేర్పిస్తే, ఇప్పుడు తెల్లకర్రతో బడి ముందున్న రోడ్డు దాటి, అవతలి స్టాపులో బస్సెక్కి ఒక్కతే ఇంటికి వెళ్తోంది. పెద్దాసుపత్రిలో ఫోన్లు అందుకునే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. ఒంటరిగా రాకపోకలు సాగించగలదని ప్రభుత్వ సర్టిఫికెట్ తెస్తే చాలన్నారు. అందుకే ఒప్పుకుంది.

"రోజూ చేసే పనేగా టీచర్," అంది.

పథకం అధికారి బాధ్యత తెలిసిన మనిషి. ఆ పిల్లకి ఏమైనా అయితే తన ప్రమోషన్‌కి ఏమవుతుందో ఆలోచించి, రోడ్డుకి రెండు వైపులా బళ్ళు ఆపించేశాడు. రిహార్సల్‌కి వచ్చిన రేడియో రోడ్డు అంచున నిలబడి కదల్లేదు. భయమేస్తోందా అని అడిగాడు.

"భయం కాదు సార్. బళ్ళ చప్పుడు ఎటు నుంచి ఎటు పోతోందో విని, దానికి అడ్డంగా నడుస్తాను. నాకు బళ్ళు కావాలి."

బళ్ళుంటే ప్రమాదం, లేకుంటే ప్రోగ్రాం లేదు. ఇలాంటి చిక్కులు విప్పడానికే అధికారులున్నారు. ఆయన బళ్ళ చప్పుడు రికార్డు చేయించి, నాలుగు మూలలా నాలుగు లౌడ్‌స్పీకర్లు పెట్టించాడు. ఒకే లారీ నాలుగు వైపుల నుంచీ రావడం రేడియో ఎన్నడూ వినలేదు. టీచర్ ఆ సంగతి చెప్పబోతే, ఆహ్వానపత్రికలో ఆవిడ పేరు లేదని సౌమ్యంగా గుర్తుచేశారు. మంత్రిగారు రెండడుగులు వేసే అవకాశం ఉందని రోడ్డు మీద తివాచీ కూడా పరిచారు. దాంతో కర్ర కొన చప్పుడూ పోయింది.

మూడో రోజు మంత్రిగారు ఎవరి మీదా ఆధారపడకుండా బతకడం గురించి ముప్పావుగంట మాట్లాడారు. కాగితాలు తిప్పడానికి ఒకరు, మైకు సర్దడానికి ఒకరు, మంచినీళ్ళు అందించడానికి ఒకరు పక్కనే ఉన్నారు. తర్వాత అధికారి సైగ చేశాడు. లారీలు మోగాయి.

రేడియో ఆసుపత్రి ఫోన్లని తలుచుకుని కదిలింది. ఆరు అడుగులు బాగానే వేసింది. ఏడో అడుగులో లారీ ఎదురుగా వచ్చింది, వెనకా వచ్చింది. రోడ్డు నడిమధ్య ఆగిపోయింది. కర్రతో అటూ ఇటూ తడిమింది, తివాచీయే తగిలింది. జనం ప్రోత్సహిస్తూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా అన్ని వైపుల నుంచే వచ్చాయి.

మంత్రిగారి మనసు కరిగింది. వేదిక దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, కెమెరాలున్న వైపుకి నడిపించారు.

"సార్, నేను బయల్దేరింది ఇటునుంచే," అంది రేడియో మెల్లగా.

"చూశారా, ఎంత బాగా గుర్తుపట్టిందో," అన్నారు మంత్రిగారు మైకులో.

ఫారంలో 'సొంతంగా దాటినదా' అనే గడి దగ్గర అధికారి కలం ఆగింది. అవునంటే మంత్రిగారు ఏమీ చెయ్యనట్టు. కాదంటే పథకం ఏమీ చెయ్యనట్టు. పావుగంట ఆలోచించి, మంత్రిగారి చెయ్యి సాయం కిందికి రాదు, ప్రోత్సాహం కిందికి వస్తుంది అని రాసి, ముద్ర కొట్టి సర్టిఫికెట్ ఇచ్చాడు. అందరూ వెళ్ళాక తివాచీ చుట్టేశారు, బళ్ళు వదిలారు. రేడియో రోడ్డు దాటి బస్సెక్కి ఇంటికి పోయింది.

సోమవారం ఇద్దరు కండక్టర్లని స్టాపు పేరు అడిగి, రెండు బస్సులు మారి, చెప్పిన టైముకి పది నిమిషాల ముందే పెద్దాసుపత్రి చేరింది. సూపరింటెండెంట్ ఆమె చేత మూడు ఫోన్లు ఎత్తించాడు. మూడూ తప్పు లేకుండా ఏ వార్డువి ఆ వార్డుకి కలిపింది. ఆయన మెచ్చుకున్నాడు, సర్టిఫికెట్ చదివాడు. తర్వాత సొరుగు లాగిన చప్పుడు, పెద్ద కాగితం మడత విప్పిన చప్పుడు వినిపించాయి. న్యూస్‌పేపరని రేడియోకి తెలిసిపోయింది.

"ఇందులో మంత్రిగారు నిన్ను చెయ్యి పట్టుకుని దాటిస్తున్నారు. మరి రోజూ నిన్నెవరు దాటిస్తారమ్మా?"

"ఇవాళ ఒక్కదాన్నే వచ్చాను సార్."

సూపరింటెండెంట్ నిజంగానే బాధపడ్డాడు.

"కాదనడం లేదమ్మా. కానీ నువ్వు రావడం నేను చూళ్ళేదు. ఇది మొదటి పేజీలో పడింది."