ఒక్క పూటలో రెండేళ్ల అనుభవం

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో అనుభవం లేని నిరుద్యోగి ఒక్కడు కూడా మిగలకూడదనీ, అడిగిన ప్రతివాడికీ ఒక్క పూటలో రెండేళ్ల అనుభవం ఇచ్చి పంపిస్తామనీ అనుభవ కల్పన మండలి చైర్మన్ చంద్రశేఖర్ గారు ఆత్మకూరు కల్యాణ మండపంలో ప్రకటించారు. ఉద్యోగాలు ఇచ్చినవాళ్లను చూశాం, ఇస్తామన్నవాళ్లను ఇంకా ఎక్కువ చూశాం. అనుభవాన్నే పంచిపెట్టే మహానుభావుణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూస్తున్నాను. ఆ సభకు మైకు సెట్టు నాదే కాబట్టి చప్పట్లు కూడా దగ్గరుండి విన్నాను.

ఇంత గొప్ప ఆలోచన ఆయనకు మాల్యాద్రి వల్ల వచ్చింది. మాల్యాద్రి ఆత్మకూరు బజారులో ఒక చీరల కొట్లో పెళ్లి కాకముందు నుంచీ గుమాస్తా. జనం ఫోన్లో చీరలు కొనడం మొదలుపెట్టాక షావుకారు షట్టరు దించేశాడు. నలభై దాటినా మాల్యాద్రి ధైర్యం చేసి మండలి వారి శిక్షణ కేంద్రంలో మోటారు వైండింగు నేర్చుకున్నాడు. మనది మెట్ట ప్రాంతం. బోరు ఉన్నచోటల్లా మోటారు కాలుతుంది, కాలినదానికి మళ్లీ రాగి తీగ చుట్టాలి, కాబట్టి ఈ పనికి గిరాకీ తగ్గదని అతని నమ్మకం. ఇంట్లో భార్య చెంచులక్ష్మి ఆపాటికే మేకల్ని ఒక్కొక్కటే అమ్ముకుంటూ వచ్చింది. పాలిచ్చే మేక ఒక్కటే మిగిలింది.

శిక్షణ ముగిశాక ఉదయగిరి బస్టాండు దగ్గర వైండింగు షాపు నడిపే వెంగయ్య దగ్గరికి హెల్పరుగా చేరడానికి వెళ్లాడు.

"ఇంతకు ముందు చేసినావా?" అన్నాడు వెంగయ్య.

"లేదన్నా. చేరితే చేస్తా."

"చేసుంటే చేర్చుకుంటా."

"చేర్చుకోకుండా యాడ చేసేదన్నా?"

"నన్నడిగితే ఎట్టా? రైతు మోటారు నీ చేతికిచ్చి అది కాలితే వాడి నిమ్మతోట ఎండిపోతాది. ఒక్క మోటారు నా కళ్ల ముందర చుట్టు, తెల్లారి నుంచి పనిలోకి రా."

శిక్షణలో చుట్టలేదా అని మీరు అడగవచ్చు. శిక్షణ కేంద్రంలో ఉన్నది ఒకే ఒక్క మోటారు. ప్రారంభోత్సవం నాడు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తర్వాత వచ్చిన ప్రతి పెద్దమనిషీ దాన్ని మళ్లీ ప్రారంభించి పోయాడు. పూజ చేసినదాన్ని విప్పితే అరిష్టమని మాస్టారు దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు. అందుకని శిక్షణంతా చెప్పులు బయట విడిచి, మోటారు చుట్టూ కూర్చుని, దాన్ని భక్తిగా చూస్తూ జరిగింది. లోపలి సంగతులకు బోర్డు మీద బొమ్మ ఉండనే ఉంది.

మాల్యాద్రి వెళ్లి చైర్మన్ గారి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"సార్, ఆ మోటారు ఒక్కసారి విప్పి చుట్టుకోనీండి. అనుభవం లేదని పనియ్యడం లేదు సార్."

చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. "అనుభవమే గదయ్యా? ఆ మాత్రం నేనియ్యలేనా? దానికి మోటారెందుకు విప్పడం?" అన్నారు.

ఆ వారమే కల్యాణ మండపంలో ప్రకటన, మర్నాడు పొద్దున్నే నా మైకు సెట్టుతో సహా అనుభవ యాత్ర. బంతిపూల దండలతో మోటారును వ్యాను ఎక్కించారు. నలుగురు మోయాల్సినదాన్ని డ్రైవరు ఒక్కడే చంకన పెట్టుకుని ఎక్కించాడు. దైవబలం అనుకున్నాను.

దుత్తలూరు సభలో మాల్యాద్రిని మోటారు పక్కన నిలబెట్టి, చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, శాలువా కప్పి ఫొటో తీశారు. "ఆర్నెల్ల అనుభవం వచ్చేసింది!" అని చైర్మన్ గారు మైకులో చెప్పారు. వరికుంటపాడులో అదే స్క్రూడ్రైవరు ఎడమ చేతికి ఇచ్చేసరికి ఏడాది దాటింది.

"ఏం మాల్యాద్రీ, తేడా తెలస్తా ఉండాదా?"

"కాళ్లు పీకతా ఉండాయి సార్."

"విన్నారా! అనుభవం లేనోడికి కాళ్లు పీకతాయా?"

జనం ఒప్పుకున్నారు.

మండలికి ఉన్న శాలువా ఒక్కటే. సభ కాగానే అది మాల్యాద్రి భుజాల మీద నుంచి దిగి తర్వాతి ఊరికి రావాలి. మడతేసే పని కూడా అతనిదే. చీరలు మడిచిన చేతులు కదా, అంచుకు అంచు కలిపి అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు చేసేవాడు. ఏ ఊళ్లోనూ అది పాతదని ఎవరూ కనిపెట్టలేదు.

ముగింపు సభ కలువాయిలో. అక్కడికి వెంగయ్యను ప్రత్యేకంగా పిలిపించారు.

"ఇదిగో వెంగయ్యా, రెండేళ్ల అనుభవం. తీసకపో," అన్నారు చైర్మన్ గారు.

"ఆ మోటారు చుట్టమనండి, చూస్తా."

జనం ఈలలు వేశారు. చైర్మన్ గారు చేసేది లేక మోటారు ముందు కర్పూరం వెలిగించి, లెంపలు వేసుకుని, విప్పమన్నారు. మాల్యాద్రి చెప్పులు విడిచి, దండలు తీశాడు. బోల్టులు విప్పాడు. మూత వచ్చింది.

లోపల ఏమీ లేదు. తీగ లేదు, తీగ చుట్టడానికి ఉండాల్సిన ఇనుమూ లేదు. ఒక బల్లి ఉంటే అది కూడా బయటికి పోయింది.

చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "ఊరూరా మోటార్లు కాలతా ఉండాయి. ఎన్నటికీ కాలని మోటారు దేశం మొత్తం మీద మన మండలి దగ్గరే ఉండాది!" చప్పట్లు మోగాయి. వెంగయ్య కొట్టలేదు.

సభ ముగిసింది. మాల్యాద్రి ముఖం చూడలేక నేను వైర్లు చుట్టుకుంటూ తల వంచుకున్నాను. అతను అలవాటు కొద్దీ భుజం మీది శాలువా తీసి స్టేజీ అంచున మడతేశాడు. వెళ్లిపోతున్న వెంగయ్య ఆగాడు.

"అది విప్పి ఇంకోసారి మడతెయ్," అన్నాడు.

మాల్యాద్రి వేశాడు. ఎక్కడా ముడత లేదు.

"తీగ గూడా ఇట్నే పడాల, వరస మీద వరస. ఇంత ఓపిక నేను ఎవురికీ నేర్పలేకపోయినా. పొద్దున్నే రా. కొన్నాళ్లు బురద మోటార్లు కడగాల, ముందే చెప్తా ఉండా."

"కడగతానన్నా," అన్నాడు మాల్యాద్రి. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

చైర్మన్ గారికి మాత్రం పిడుగు పడ్డట్టయింది. "పనికి పోతావా? రేపు ఉదయగిరిలో విజయోత్సవ సభ పెట్టుకోని?"

"పని కోసమే గదా సార్ ఇదంతా?"

"నువ్వు పనికి పోతే నేను అనుభవం ఎవురికియ్యాల?"

మాల్యాద్రి శాలువా ఆయన చేతిలో పెట్టి, దండం పెట్టి, వెంగయ్య బండి వెనక ఎక్కి వెళ్లిపోయాడు. చైర్మన్ గారు ఖాళీ కుర్చీల వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"పెంచలనరసింహం, నీకు మోటారు చుట్టేది తెలుసునా?"

"తెలీదు సార్."

"కొంచెం గూడా?"

"బొత్తిగా తెలీదు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే నాకు శాలువా కప్పి, స్క్రూడ్రైవరు ఇచ్చి, ఫొటో తీయించారు. ఆర్నెల్ల అనుభవం నాకూ వచ్చింది. తర్వాత శాలువా మడతేయమన్నారు. వేశాను. ఒక మూల కిందికి జారింది. మళ్లీ వేస్తే రెండో మూల జారింది. చైర్మన్ గారు కాసేపు చూసి, శాలువా లాక్కుని, డ్రైవరును కేకేశారు.

"కొత్తోళ్లని పెట్టుకుంటే ఇంతే. పొద్దున్నే అనుభవం ఉన్నోణ్ణి ఎవురినన్నా చూడరా."