అత్తమ్మ కన్ను, నా క్రాపు

ఒకరు మొక్కిన మొక్కు ఇంకొకరికి అంటుతుందా అన్నది నాకు ఏళ్లుగా ఉన్న సందేహం. చిన్నప్పుడు నాకు విషజ్వరం వస్తే, బతికితే పెద్దయ్యాక వీడి తలనీలాలు ఇప్పిస్తానని మా అమ్మ యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కింది. నేను బతికాను. జుట్టూ బతికింది. ఆబిడ్స్‌లో క్రాపు చేయించుకోవడం మొదలుపెట్టాక, మొక్కింది అమ్మ కదా, నాదేం పూచీ అని వాదించేవాణ్ని. రోజూ పూజ మాత్రం, జుట్టు స్వామి కంట పడకుండా టోపీ పెట్టుకొనే చేసేవాణ్ని.

ఈ సంగతి మా అత్తమ్మ మరిచిపోలేదు. మా ఇళ్లల్లో అత్త అల్లుడి ముందుకు రాదు, సూటిగా మాట్లాడదు. అందుకని తలుపు చాటు నుంచి కూతురితో అనేది: "అనసూయా, దేవుని బాకీ పెట్టుకొని మీ ఆయనకు నిద్రెట్ల పడుతదో అడుగు."

అలాంటి అత్తమ్మకు దవాఖానలో కంటి పొర తీసి, రెండు కళ్లకూ కట్టు కట్టి నాంపల్లిలోని మా ఇంటికి పంపారు. కట్టు విప్పేదాకా లేవకూడదు, తల కదపకూడదు, తుమ్మకూడదు. ఏ ఒక్కటి చేసినా చూపు పోతుందన్నాడు డాక్టరు.

పడుకోబెట్టామో లేదో లేచి కూర్చుంది.

"బియ్యంల రాళ్లు ఎవరు ఏరుతరు?"

"కండ్లకు గంతలు కట్టుకొని నువ్వు ఏరుతవా అమ్మా?" అన్నది అనసూయ.

"ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట" అన్నాను.

"మీరా? మొన్న పాలు చూడుమంటే పొంగి పొయ్యి ఆరేదాంక చూసుకుంటనే కూసున్నరు."

నేను పట్టు వదలలేదు. గోడవైపు తిరిగి గొంతు సవరించుకున్నాను. "అనసూయా, అత్తమ్మకు చెప్పు. కట్టు విప్పేదాంక కదలకుండ పండుకుంటే, గుట్టకు పోయి నా తలనీలాలు ఇస్త."

అత్తమ్మ మెల్లగా వెనక్కి వాలింది. "పసుపు గుడ్డల ముడుపు కట్టి నా దిండు కింద పెట్టుమను" అన్నది. ఆ తర్వాత కొయ్యదుంగ కూడా ఆమె కన్నా ఎక్కువ కదిలేదేమో.

వంటింట్లో అనసూయ అడిగింది: "నిజంగ ఇస్తరా?"

"కన్ను ఆమెది, జుట్టు నాది. మొక్కు అంటుతదా లేదా ఇంకా తేలలేదు గద."

"తేలుస్తది మా అమ్మ."

జావ తాగించే పని నాకు పడింది. మొదటి చెంచా గడ్డం మీద, రెండోది చెవిలో. "అనసూయా, నా నోరు ఏడున్నదో ఆయనకు జర చూపియ్యి" అన్నది అత్తమ్మ, పెదవి తప్ప ఏదీ కదపకుండా.

ఒకరోజు అనసూయ పప్పులోకి ఎండుమిరపకాయలు తిరగమోత పెట్టింది. ఘాటు ఇల్లంతా కమ్మింది. అత్తమ్మ ముక్కుపుటాలు అదిరాయి. "అ... అ..." అన్నది.

తుమ్మితే షరతు తప్పినట్టే, నా క్రాపు నాకు దక్కినట్టే. కానీ కన్నో? జావగిన్నెను తన్నేసి, ఒక్క గంతులో వెళ్లి అత్తమ్మ ముక్కు రెండు వేళ్లతో బిగించి పట్టుకున్నాను.

అనసూయ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "మా అమ్మ మీద గింత పగ పెట్టుకున్నరా?"

ఈలోగా నాకూ తుమ్ము వస్తుంటే, రెండో చేత్తో నా ముక్కు పట్టుకున్నాను.

కట్టు విప్పిన రోజు డాక్టరు చూపిన వేళ్లెన్నో అత్తమ్మ తప్పు లేకుండా చెప్పింది. ఇంటికి రాగానే నేను మెల్లగా అన్నాను: "అనసూయా, గుట్ట సంగతి ఎండలు తగ్గినంక చూద్దాం."

అత్తమ్మ మొదటిసారి నా ముందుకు వచ్చి నిలబడింది. "అల్లుడుగారూ, నేను కంటి కోసం పండుకున్న అనుకున్నరా? మీ జుట్టు కోసం పండుకున్న."

నా చెయ్యి క్రాపు మీదికి పోయింది.

"ఆనాడు నన్ను తుమ్మనిస్తే మీ జుట్టు మీకు మిగిలేది. ఎందుకు పట్టుకున్నరు?"

"కన్ను పోతదని..."

"మీ అమ్మ గూడ మిమ్మల్ని గట్లనే పట్టుకున్నది."

నా సందేహానికి ఆ తర్వాత చోటు లేకపోయింది. నాంపల్లిలో రైలెక్కి, రాయగిరిలో దిగి, గుట్ట మీద మంగలి రాజయ్య ముందు తల వంచి కూర్చున్నాను. దళసరి అద్దాల వెనక నుంచి అత్తమ్మ వంగి చూసింది.

"రాజయ్యా, కుడి చెవి ఎనుక ఒక్క వెంట్రుక మిగిలింది. గదీ తియ్యి."

ఆ పూట టోపీ లేకుండానే స్వామి ముందుకు వెళ్లాను.