మైపాడు తాగుబోతు

ఆ శుక్రవారం గిద్యోను వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే మైపాడు వెళ్లి సముద్రం ముందు తన తాగుబోతు పాత్రను చివరిసారి సాధన చేయాలి. సాయంత్రం నెల్లూరులో నాటకం ఆడి, ఎంపికై, ఇంటికెళ్లి అమ్మ వండిన చేపల పులుసు తినాలి. ఎంపికవుతానా అనే సందేహం అతనికి రానేలేదు. సందేహాలొచ్చే మనిషైతే నెల్లూరులో కూర్చుని నాటకమే నా వృత్తి అంటాడా చెప్పండి.

ఆ సందేహాలన్నీ వాళ్లమ్మ ఎస్తేరమ్మకు వచ్చేవి. పాత బియ్యం గోదాము అద్దెకు తీసుకుని కొడుకు నడుపుతున్న నాటక సమాజంలోకి ఆమె ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. నాటకోత్సవానికి సమాజాలను ఎంపిక చేసే చెంచురామయ్య గారు ఆ సాయంత్రం విజయవాడ నుంచి వస్తున్నారు. ఆయన సరే అంటే సమాజం నిలబడుతుంది. కాదంటే గిద్యోను సోమవారం నుంచి ఇందుకూరుపేటలో మేనమామ రొయ్యల మేత దుకాణంలో కూర్చోవాలి. అమ్మకు అలాగని మాటిచ్చేశాడు.

మైపాడులో గిద్యోను లుంగీ ఎగ్గట్టి, టీ డికాషన్ నింపిన బ్రాందీ సీసా పట్టుకుని, అలల మీద విరుచుకుపడ్డాడు. "ఏమే, నా పెళ్లాం కంటే గట్టిగా అరుస్తావా నువ్వు? దానికే భయపడలేదు నేను" అంటూ తూలి, ఇసకలో పడి, లేచి, మళ్లీ పడ్డాడు. తన ప్రతిభకు తనకే ముచ్చటేసింది.

అదే సమయానికి గిద్యోను వెళ్లే చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి అబిగయీలు చేపలు కొనడానికి అక్కడికొచ్చింది. అబ్బాయి పెళ్లి కూడా కాకుండానే పెళ్లాం మీద కేకలేస్తున్నాడంటే ఎంత ఎక్కేసిందో అనుకుని కళ్లు తుడుచుకుంది. దగ్గరికెళ్లి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ మనవాళ్లలో అలా మొహం మీద అడగడం మర్యాద కాదు. ప్రార్థనకు పెట్టడం మర్యాద. ఆవిడ ఆటో ఎక్కుతూనే సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. 'పేరు చెప్పను. నెల్లూరులో నాటకాలాడే ఒక సహోదరుడు తాగుడులో పడ్డాడు. ప్రార్థించండి.'

నెల్లూరు చర్చిలో నాటకాలాడే సహోదరుడు ఒక్కడే. గ్రూపులో పది గంటలకు అతని కాలేయం చెడింది. పదకొండింటికి గోదాములో జరిగేది నాటకం కాదు, మందు పార్టీ అని తేలింది. ఎలాగూ ఉపవాస ప్రార్థన జరిగే శుక్రవారం కావడంతో పాస్టరు పరంజ్యోతి గారు ప్రార్థనను సాయంత్రం ఆ గోదాములోనే పెట్టుకుందామన్నారు.

ఆ కబురు విని ఎస్తేరమ్మ కొడుక్కి ఫోన్ చేసింది. అతను మేకప్‌లో ఉన్నాడు.

"అబ్బయా, పొద్దున మైపాడులో సీసా పట్టుకోని ఉండావంట. నిజమేనా?"

"నిజమేమా. ఎవురు చూసినారు? బాగుందన్నారా?"

"ఎన్నాళ్లనించిరా ఇది?"

"క్రిస్మస్ అయిన కాడ్నించి. రోజూ చేస్తేగాని పట్టు రాదుమా. ఉంటా, పనుంది."

ఎస్తేరమ్మ ఫోన్ పెట్టేసి, తెల్లచీర కట్టుకుని, మొదటిసారి ఆ గోదాముకు బయల్దేరింది.

సాయంత్రం పదిమంది వస్తే గొప్ప అనుకున్న గోదాములోకి తెల్లచీరల్లో, నెత్తిన కొంగులతో స్త్రీల సమాజం మొత్తం దిగింది. తన పేరు ఊళ్లో మార్మోగిపోతోందని తెర సందులోంచి చూసిన గిద్యోను పొంగిపోయాడు. ముందు వరసలో ఒంటరిగా, ముందురోజు రాత్రంతా ఇంకో ఊళ్లో నాటకాలు చూసి నిద్రలేక ఎర్రబడిన కళ్లతో చెంచురామయ్య గారు కూర్చున్నారు. అబిగయీలు ఆయన్ని తేరిపార చూసింది.

"నువ్వేనా ఆ బిడ్డని ఈ దోవలోకి తెచ్చింది?"

ఈ దోవ అంటే నాటకరంగం కాబోలనుకున్నారాయన. "నేను కాదమ్మా. కానీ ఇట్లాంటి కుర్రాళ్లని చానామందిని పైకి తెచ్చినాను" అన్నారు వినయంగా. పాస్టరు గారు వెంటనే ఆయన నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. ఇక్కడి స్వాగత పద్ధతి ఇదేనేమోనని ఆయన కళ్లు మూసుకున్నారు.

తెర లేచింది. గిద్యోను సీసాతో తూలుతూ వచ్చాడు. భార్య వేషం కట్టిన కెజియా చీపురుతో ప్రవేశించాల్సిన చోట ఎస్తేరమ్మ వేదికెక్కింది. కొడుకు చేతిలో సీసా లాక్కుని వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇది డికాషన్ గదరా" అంది గొంతు తగ్గించి.

"నాటకంమా ఇది. తాగుబోతు వేషం."

ఎస్తేరమ్మ వెనక్కి చూసింది. అంతమందీ పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. "ఇప్పుడు నువ్వు తాగలేదని చెప్తే నా మొహం యాడ పెట్టుకునేది?" అని గొణిగి, కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది. అతను నిజంగానే తూలాడు.

"మీ నాయన పోయినాక కూలికి పోయి పెంచినాన్రా నిన్ను" అంది గోదాము మారుమోగేలా. "నా తర్వాత నీకు ఏంది గతి అని నాకు నిద్ర పట్టదురా. ఈ పాడు పిచ్చి నీకు కూడు పెడతదా?"

ఆ మాటలు సీసా గురించి కావని వేదిక మీద ఉన్న ఇద్దరికే తెలుసు. గిద్యోనుకు కన్నీళ్లు ఆగలేదు. రాసుకున్న సంభాషణలన్నీ మర్చిపోయాడు. "నాకు వచ్చింది ఇదొక్కటేమా. దీన్ని మాత్రం వదలమనొద్దు. ఇది వదిలితే నేను బతకలేను" అన్నాడు.

గోదాము గొల్లుమంది. పాస్టరు గారు కళ్లద్దాలు తీసేశారు. ఎస్తేరమ్మ కొడుకుని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "సరేలేరా. నీ ఇష్టం" అంది. మాన్పించడానికి వచ్చిన తల్లి అంత తేలిగ్గా ఒప్పేసుకోవడం అబిగయీలుకు బొత్తిగా నచ్చలేదు.

చెంచురామయ్య గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గిద్యోను సమాజాన్ని అక్కడికక్కడే ఎంపిక చేశారు. "ఈ అమ్మను యాడ పట్టినారయ్యా? ఇట్లాంటి నటి నాకు ఏ ఊళ్లోనూ తగల్లేదు. ఉత్సవంలోనూ ఈమే చెయ్యాల" అన్నారు. గిద్యోను చెంప తడుముకుంటూ తన సంగతేమిటన్నట్టు చూశాడు. ఆయన అతన్ని పక్కకు తీసుకెళ్లి, "నువ్వు కష్టపడతా ఉండావు నాయనా, కాదన్ను. కానీ తాగినోడి మాదిరి మాత్రం లేవు. ఎవురూ నమ్మరు" అన్నారు.

నాటకోత్సవం పోస్టర్ మీద ఎస్తేరమ్మ పేరు పెద్దక్షరాల్లో పడింది, గిద్యోను 'తదితరులు'లో ఉన్నాడు.